నిప్పు చుట్టరికం

ఎఫ్రాజియమ్మ ట్రంకుపెట్టె మీంచి లేవలేదు.

పొద్దున ఆరింటికి కూర్చున్న మనిషి, పది దాటినా అక్కడే ఉంది. కాఫీ చల్లారిపోయింది. ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న రవ్వ, పైన వేసిన వెన్నతో సహా గట్టిపడింది. ఎనభై ఒక్క ఏళ్ళ ముసలమ్మ వీపు గోడకు ఆనించకుండా, చేతిలో జపమాల పట్టుకుని, బ్యాంకు ముందు కాపలావాడిలా కూర్చుంది. జపం మాత్రం చెయ్యడం లేదు. ఒక్క పూసా కదల్లేదు. జుల్మీరా ఆ సంగతి ఓరకంట కనిపెడుతూనే ఉంది.

ఆ పెట్టెలో ఇద్దరి జనన పత్రాలూ ఉన్నాయి. అవి చేతికి రాకపోతే ఎల్లుండి పదింటికి రిజిస్ట్రారు ఆఫీసులో జుల్మీరాకీ ఇవొనేతికీ పెళ్ళి జరగదు. నిన్న భోజనాల దగ్గర ముసలమ్మ "ఈ పెళ్ళి కుదరదు" అని ఒక్క మాట అని, పళ్ళెం తోసేసి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఎందుకు కుదరదో చెప్పలేదు. తెల్లారి చూస్తే పెట్టె మీద ఉంది.

జుల్మీరా కుట్టుమిషను ముందు కూర్చుని తెల్లచొక్కాకి కాలరు అతుకుతోంది. ఇవొనేతి పెళ్ళిచొక్కా అది. పెదాల మధ్య నాలుగు గుండుసూదులున్నాయి. యాభై రెండేళ్ళ మనిషి, ముప్పై అయిదేళ్ళుగా ఊరందరికీ కుట్టిపెట్టిన మనిషి. ఆ గుండుసూదులు ఆమెకు పెద్ద సాయం. జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడల్లా నాలుగు నోట్లో పెట్టుకుంటుంది. ఈ పొద్దు అవి పెదాలెక్కడం చూసి తల్లి మూతి తిప్పుకుంది.

తల్లీకూతుళ్ళిద్దరి మొండితనమూ ఒకే తానులో గుడ్డ. నాలుగు గంటలుగా ఆ ఇంట్లో మిషను చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

వీధి తలుపు తోసుకుని ఇవొనేతి వచ్చింది. భుజం మీద కట్టెల మోపు. జూన్ తుంపరకి తల తడిసి జుట్టు నుదుటికి అంటుకుపోయింది.

"పెద్దమ్మా, నీ నిప్పుకి కట్టెలు తెచ్చా. ఒక్క పుల్ల తడవలేదు. నేనే తడిశా," అంది.

అనడానికైతే అంది గానీ, గొంతు సగంలోనే ఆగిపోయింది. బడి వ్యాను నడపడం ఆమె ఉద్యోగం. జూన్ వచ్చిందంటే మాత్రం ఊరి నృత్యబృందానికి పిలుపులు పిలవడమే పని. ముప్పై జంటలు తిరుగుతుంటే మధ్యలో నిలబడి "అదుగో వాన!" అని అరవాలి. జంటలన్నీ గిరుక్కున వెనక్కి తిరగాలి. అంతలో "అబద్ధం!" అని కేక. మళ్ళీ అందరూ నవ్వుతూ ముందుకి. "అదుగో పాము!" కెవ్వుమని గెంతులు. "అబద్ధం!" ఇరవయ్యేళ్ళుగా ఈ అబద్ధాలు చెప్పడంలో ఆ చుట్టుపక్కల ఇవొనేతికి సాటి లేదు. ఒకప్పుడు మగవాళ్ళే చేసే పని అది. ఆమె ఒక్కసారి అరిచాక ఇంకెవరూ ఆ పనికి పోటీ రాలేదు. నెలాఖరుకి గొంతు అరిగి రంపంపొట్టులా మిగులుతుంది.

ఇవొనేతి కట్టెలు మూల దించి, కళ్ళతోనే జుల్మీరాను అడిగింది. జుల్మీరా గుండుసూదులు చూపించింది.

"ఓహో," అంది ఇవొనేతి. వెళ్ళి పెట్టె ముందు నేల మీద చతికిలబడింది. "సరే పెద్దమ్మా. నువ్వు లేవవు. అది నోరు విప్పదు. నాకేమో గొంతు లేదు. ఇట్లాగైతే ఈ ఇంట్లో పోట్లాట ఎట్లా జరుగుద్ది? ఎవరో ఒకరు మొదలెట్టాలి గదా."

ముసలమ్మ పెదవి కొస కొంచెం కదిలింది. వెంటనే బిగించేసింది.

"నన్ను నవ్వించకు. ఇది నవ్వే సంగతి కాదు."

"పోనీ ఏడ్చే సంగతైతే చెప్పు. ఏడుస్తా. దానికి గొంతు అక్కర్లేదు."

జుల్మీరా మిషను ఆపింది. గుండుసూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చింది.

"అమ్మా, నీకు నోరు రాకపోతే నేనే అంటా. మేమిద్దరం ఆడవాళ్ళం. అదేగా? ఇరవయ్యారేళ్ళు ఒకే గదిలో పడుకున్నాం. నీ కళ్ళముందే. అప్పుడు లేని ఇబ్బంది, కాగితం మీద సంతకం అనేసరికి వచ్చింది."

"ఆడవాళ్ళా?" ముసలమ్మ ఆశ్చర్యంగా చూసింది. "ఆడవాళ్ళైతే నాకేంటే? మీ నాన్న మగాడేగా. ఏం ఒరిగింది? ముప్పై తొమ్మిదేళ్ళు గురక విన్నా."

ఇవొనేతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మరి ఎందుకు కుదరదు?"

"మీరు కొమాద్రులు."

మాట చాలా చిన్నగా వచ్చింది. కానీ ఆ మాట విని ఇవొనేతి కూడా నవ్వడం మానేసింది.

జువావ్ పండగ నాడు ప్రతి ఇంటి ముందూ మంట వేస్తారు. ఇద్దరు చేతులు పట్టుకుని, కుడిచెయ్యి మంటవైపు ఉండేలా మూడు చుట్లు తిరిగి, జువావ్ స్వామినీ పేద్రు స్వామినీ సాక్షి పెట్టుకుని మాట ఇచ్చుకుంటే చుట్టాలైపోతారు. ఆడవాళ్ళైతే కొమాద్రులు. రక్తసంబంధం లేకపోయినా అంతకన్నా గట్టి చుట్టరికం. నిప్పుచుట్టాల మధ్య ఆశ పుడితే, చచ్చాక ఇద్దరూ రెండు నిప్పుముద్దలై ఎండిన ఏటి ఇసకలో ఒకరి వెంట ఒకరు పరుగెడతారనీ, ఢీకొని చెదిరి మళ్ళీ పరుగెడతారనీ, వాళ్ళకి తెరిపి ఉండదనీ అక్కడి పసిపిల్లలకి కూడా తెలుసు.

"పెద్దమ్మా," అంది ఇవొనేతి నెమ్మదిగా, "చచ్చాక కూడా ఇద్దరం కలిసే పరుగెడతామంటే అదీ బాగానే ఉంది గదా."

ముసలమ్మ పక్కనున్న మొక్కజొన్న బెండు తీసి విసిరింది. గురి తప్పలేదు.

"నేను చూశానే! తొమ్మిదేళ్ళప్పుడు, మా నాన్న మేకల్ని తోలుకొస్తుంటే ఏటి దగ్గర చూశా. రెండు దీపాలు. ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. నీకు వేళాకోళంగా ఉంది. నా కూతురు అట్లా ఇసకలో కొట్టుకుంటుంటే నేను పైనుంచి చూస్తూ కూర్చోవాలా?"

"ఇరవయ్యారేళ్ళుగా అంటని పాపం ఎల్లుండే ఎట్లా అంటుకుంటుందమ్మా?" అంది జుల్మీరా.

"ఇన్నాళ్ళూ నేను చూడలేదు. మీ గదికి తలుపుంది, నాకు కళ్ళద్దాలు లేవు. ఎల్లుండి పుస్తకంలో రాస్తారు. రాశాక అందరూ చదువుతారు. దేవుడు కూడా చదువుతాడు."

కిటికీలోంచి ఎదురింటి క్రెమీల్దా తల కనిపించింది. చేతిలో ఒలుస్తున్న మొక్కజొన్న కండె.

"ఫ్రాజియక్కా, నిప్పు పేర్చవా? పదకొండు కావస్తోంది. పేద్రు పండగ మంట విధవరాళ్ళే వెయ్యాలి గదా, వీధిలో ముగ్గురమే మిగిలాం, నీ మంట లేకపోతే పేద్రు స్వామికి మొహం ఎట్లా చూపిస్తాం?"

"పేరుస్తా. నువ్వు కండె ఒలుచుకో."

"ఏంటి, అందరూ చావుకొచ్చినట్టున్నారు?"

"కండె ఒలుచుకోమన్నానా!"

తల మాయమైంది. చెవి మాత్రం ఎక్కడికీ పోలేదని ముగ్గురికీ తెలుసు. అందుకే జుల్మీరా గొంతు తగ్గించింది. తగ్గించిన కొద్దీ ఆ మాటలు మరింత పదునుగా వచ్చాయి. ఇన్నేళ్ళూ గుండుసూదుల వెనక దాచుకున్న మాటలవి.

"ఆ ముడి మేం వేసుకోలేదమ్మా. నువ్వు వేశావు. నా మణికట్టు ఒక చేత్తో, దాని మణికట్టు ఒక చేత్తో పట్టుకుని ఈడ్చుకెళ్ళావు. వీధంతా చూస్తుండగా మంట చుట్టూ తిప్పావు. 'ఇక వీళ్ళు కొమాద్రులు, అందరూ విన్నారుగా' అని అరిచావు. నాకు ఇరవయ్యారేళ్ళు అప్పుడు. మనసంతా ఈ మనిషే ఉంది. మా అమ్మే నా ముందు గోడ కట్టేసిందనుకున్నా. ఆ గోడ సందులోంచే బతుకుతూ వచ్చా. ఒక్కనాడైనా నిన్నడిగానా? ఇవాళ ఆ గోడ చూపించి పెళ్ళి వద్దంటున్నావు."

మిషను మీద తెల్లచొక్కా జారి కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

ఎఫ్రాజియమ్మ వీపు గోడకు ఆనించింది. జపమాల ఒళ్ళో పెట్టుకుంది.

"గోడా?" అంది చివరికి. "ఇన్నేళ్ళూ నీ మనసులో అదా ఉంది?"

జుల్మీరా తల ఊపింది.

"గోడ కాదే పిచ్చిదానా. కప్పు. నీ నెత్తిన కప్పు వేశా." ముసలమ్మ ఇవొనేతి వైపు చేత్తో చూపించింది. "ఇది లారీ దిగి మనింట్లో గది అద్దెకి తీసుకుందా? ఆర్నెల్లు తిరక్కుండా నువ్వు పాడుకుంటూ కుట్టడం మొదలెట్టావు. నువ్వు పాడగా నేను అంతకుముందు వినలేదు. వీధిలో వాళ్ళూ విన్నారు. రొట్టెల కొట్టువాడు దీనికి రొట్టె అమ్మనన్నాడు. ఎవడో మన తలుపు మీద బొగ్గుతో రాశాడు. ఏం రాశాడో నీకు చెప్పను. నువ్వు లేవకముందే కడిగేశా. మూడు పొద్దులు కడిగా."

"నాకు చెప్పలేదు," అంది జుల్మీరా.

"చెప్తే పాట ఆపేసేదానివి." ముసలమ్మ ముక్కు చీదుకుంది. "అప్పుడు ఆలోచించా. నిప్పుచుట్టాల్ని ఎవడూ ఏమీ అనడు. ఒకే ఇంట్లో ఉన్నా అనడు. చెయ్యి పట్టుకుని సంతకెళ్ళినా అనడు. అంటే వాడి నోరే పురుగు పడుద్ది. ఆ మర్నాటి నుంచి ఎవడైనా నోరెత్తాడా?"

"లేదు," అంది ఇవొనేతి. "రొట్టెల కొట్టువాడు నన్ను కొమాద్రీ అని పిలిచి ఒక రొట్టె ఊరికే ఇచ్చాడు."

"బలే ఉపాయం పన్నానని మురిసిపోయా. మీకు ఆఫీసులో పెళ్ళి చేసే రోజొకటి వస్తుందని నేనేమన్నా కలగన్నానా? ఎవరన్నా కలగన్నారా? నేను వేసిన కప్పే ఇప్పుడు మీ మీద కూలేట్టుంది. రాత్రంతా కునుకు లేదు."

జుల్మీరా లేచింది. ఇరవయ్యారేళ్ళు మోసిన బరువు దిగిపోతే ఒళ్ళు ఎంత తేలికవుతుందో, అంత భయమూ వేస్తుంది. వెళ్ళి తల్లి పక్కన, పెట్టె మీదే కూర్చుంది. ముసలమ్మ కొంచెం జరిగి చోటిచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇవొనేతి కింద పడిన చొక్కా తీసి దులిపింది.

"జుల్మీరా, కాలరు తలకిందులుగా కుట్టావు," అంది.

ముందు ముసలమ్మ నవ్వింది. తర్వాత ఇద్దరూ. ఎదురింట్లోంచి క్రెమీల్దా కూడా నవ్వింది, ఎందుకో తెలియకపోయినా.

"లెండి, పెట్టె తియ్యాలి," అంది ఎఫ్రాజియమ్మ.

పైనే జనన పత్రాలున్నాయి. ముసలమ్మ వాటిని ఏ మాత్రం లెక్కచెయ్యకుండా తీసి కూతురి చేతిలో పెట్టింది. ఇంతసేపూ ఆమె కాపలా కాసింది వాటికి కాదు. అడుగున మొగుడి పాత చొక్కాలో చుట్టిన మూట ఉంది. విప్పితే మూరెడు పొడవున, ఒక కొస మాడిన కట్టె.

జువావ్ మంటలోంచి ఒక కొరివి తీసి దాచుకోని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. ఉరుములతో వాన వస్తే వాకిట్లో పెడతారు. పిడుగు ఆ ఇంటివైపు చూడదు.

"ఆనాటి మంటలోది," అంది ముసలమ్మ. "మీరు మూడో చుట్టు పూర్తి చెయ్యగానే తీశా. ఇరవయ్యారేళ్ళుగా ఈ కప్పుని కాసింది ఇదే. ఇది ఉన్నంతకాలం మీ ముడి ఉంటుంది. దీన్ని ఇవాళ నా మంటలో పూర్తిగా కాల్చేసి, మీరు ఎడమవైపుగా మూడు చుట్లు తిరిగితే ముడి విడిపోతుంది."

"అట్లా అని ఎవరు చెప్పారు?" అంది జుల్మీరా.

"నేనే చెప్తున్నా. ఈ ఊళ్ళో నిప్పు సంగతులు నాకన్నా తెలిసినవాళ్ళంతా సమాధుల్లో ఉన్నారు. ఇక నేను ఏం చెప్తే అదే ఆచారం."

"మరి పిడుగు?"

"ఇవొనేతి గొంతు బాగైతే చాలు. పిడుగే జడుసుకుంటుంది."

మధ్యాహ్నానికి తుంపర ఆగింది. ఇవొనేతి కట్టెలు నాలుగు పలకలుగా పేర్చింది. అరుగు మీది కుర్చీలోంచి ముసలమ్మ చేతికర్రతో చూపిస్తూ రెండుసార్లు విప్పించి పేర్పించింది. చీకటి పడే వేళకి వీధిలో మూడు మంటలు లేచాయి. కండెలు కాలే వాసన, అల్లం వేసి మరిగించిన సారా వాసన. వీధి చివర ఎవరో అకార్డియన్ మొదలెట్టారు. నిప్పు చుట్టరికం విప్పుతారన్న కబురు సాయంత్రానికే వీధి అంతా తిరిగొచ్చింది. దాన్ని తిప్పింది ఎవరో చెప్పనక్కర్లేదు. ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకుని మరీ కూర్చున్నారు.

ఎఫ్రాజియమ్మ లేచి, కట్టెను మొగుడి చొక్కాతో సహా మంటలో పెట్టింది. అది ఎండి ఎండి ఉందేమో, భగ్గున అందుకుంది. మంట వెలుగులో ముసలమ్మ మొహం జుల్మీరాకి చిన్నపిల్ల మొహంలా కనిపించింది.

"తిరగండి."

ఇద్దరూ చేతులు పట్టుకుని, ఎడమచెయ్యి మంటవైపు ఉండేలా తిరిగారు. మొదటి చుట్టులో ఎవరో కిసుక్కుమన్నారు. రెండో చుట్టులో నవ్వు ఆగింది. మూడో చుట్టుకి వీధిలో కట్టెల చిటపట తప్ప ఏమీ వినపడలేదు. ఇవొనేతి అరిచెయ్యి చెమటతో తడిసిపోయింది. ఆ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో జుల్మీరాకి అప్పుడు తెలిసింది.

"జువావ్ స్వామీ, పేద్రు స్వామీ, మీ ముందు కట్టింది మీ ముందే విప్పుతున్నా," అంది ఎఫ్రాజియమ్మ. "పొరపాటు నాది. పిల్లలది కాదు. చేతులొదలండి."

వదిలారు.

ఇరవయ్యారేళ్ళలో ఏ రోజు చూసుకున్నా వాళ్ళిద్దరికీ నలుగురి ముందు చెప్పుకోవడానికి ఒక పేరుంది. అది అబద్ధమో సగం నిజమో గానీ పేరంటూ ఉంది. ఇప్పుడు అది కూడా లేదు.

"అయిపోయిందా?" అంది ఇవొనేతి, జుల్మీరా పక్కకి రాబోతూ.

చేతికర్ర అడ్డం వచ్చింది.

"ఎక్కడికి?"

"ఇంట్లోకి. ఆకలేస్తోంది పెద్దమ్మా."

"ఎవరికి పెద్దమ్మని? నా కూతురికి నువ్వేమవుతావు?"

ఇవొనేతి జుల్మీరా వైపు చూసింది.

"ఏమీ కావు. ఇప్పుడే విప్పాను, వీధంతా చూసింది. పెళ్ళికాని పిల్ల ఉన్న ఇంట్లో పరాయి మనిషి ఎట్లా పడుకుంటుంది? క్రెమీల్దా, మీ ఇంట్లో ఊయలమంచం ఖాళీ ఉందా?"

"ఎందుకు లేదు!" క్రెమీల్దా ఆనందం పట్టలేక కుర్చీలోంచి సగం లేచింది. "దుప్పటి కూడా ఇస్తా."

"అమ్మా!" అంది జుల్మీరా. యాభై రెండేళ్ళకి పెళ్ళికాని పిల్ల అనిపించుకున్నందుకు చెవులదాకా ఎర్రబడింది.

"ఎల్లుండిదాకానా?" అంది ఇవొనేతి బిక్కమొహంతో.

"అడగాల్సిన వాళ్ళు అడగాల్సిన విధంగా అడిగితే, ఆ సంగతి అప్పుడు చూస్తా. అద్దెకొచ్చావు, ఉండిపోయావు. ఎప్పుడైనా అడిగావా నన్ను?"

అడగలేదు. అడిగే వీలెక్కడుంది ఆ రోజుల్లో? ఇవొనేతి తల దించుకుని, మంట చుట్టూ కాకుండా దూరంగా నడిచి, వీధి దాటి ఎదురింటి అరుగెక్కింది. జనం గుసగుసలాడారు. జుల్మీరా తల్లి కుర్చీ పక్కన నిలబడి చూస్తోంది. మధ్యలో వీధి. వీధి మధ్యలో మంట. అది అప్పటికే కుంగి, నిప్పుల కుప్పగా మారుతోంది. ఆ నిప్పుల మీదుగా అవతల ఇవొనేతి మొహం అలల్లో కనిపించినట్టు కదులుతోంది.

ఎంత కాలమైంది ఆ మొహాన్ని ఇంత దూరం నుంచి చూసి! పక్కనే ఉంటుంది ఎప్పుడూ. గురక కూడా పెడుతుంది. ఇలా చూస్తే, లారీ మెట్టు మీంచి దూకి "ఇక్కడ గది దొరుకుద్దా?" అని అరిచిన మనిషే. జుల్మీరాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఎదురింటి అరుగు మీద ఇవొనేతి గొంతు సవరించుకుంది. రంపం గీసినట్టు చప్పుడైంది. క్రెమీల్దా చేతిలోని అల్లంసారా గ్లాసు లాక్కుని ఒక్క గుక్కలో తాగేసింది.

"ఎఫ్రాజియమ్మ గారూ!"

వీధి అంతా అటు తిరిగింది. అకార్డియన్ వాడు కూడా వేలు తీశాడు.

"ఎఫ్రాజియమ్మ గారూ, నా పేరు ఇవొనేతి. బడి వ్యాను నడుపుతా. నాకు ఎవరూ లేరు. మీ అమ్మాయిని నాకిస్తారా?"

మాటలు విరిగి విరిగి వచ్చాయి. కానీ వచ్చాయి.

ఇరవయ్యేళ్ళ అలవాటు ఊరుకోనిస్తుందా, వెనక కుర్చీల్లోంచి ఎవరో అరిచారు:

"అబద్ధం!"

వీధి గొల్లుమంది. నృత్యబృందంలో పిల్లలు ఈలలు వేశారు. ఇవొనేతి కూడా నవ్వేసింది. నవ్వు ఆగేదాకా ఆగింది. తర్వాత చెయ్యెత్తింది, ముప్పై జంటల్ని ఆపేటప్పుడు ఎత్తినట్టే. అందరూ ఆగిపోయారు.

"ఈసారి అబద్ధం కాదు," అంది.

ఆ మాటకి గొంతు పూర్తిగా పోయింది. చివరి అక్షరాలు పెదాల మీదే కనపడ్డాయి. ఎవరూ నవ్వలేదు.

ఎఫ్రాజియమ్మ చేతికర్ర మీద గడ్డం ఆనించి చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకోలేదు.

"ఇరవయ్యారేళ్ళు ఆలస్యంగా అడిగావు," అంది. "నన్నెందుకు అడుగుతావు? దానికి నోరుంది. దాన్నడుగు."

అందరి తలలూ జుల్మీరా వైపు తిరిగాయి.

ఆమె చెయ్యి అలవాటుగా రవికెకి గుచ్చుకునే గుండుసూదుల కోసం వెళ్ళింది. ఒక్కటీ లేదు. పొద్దున దిండుకి గుచ్చినవి అక్కడే ఉండిపోయాయి. నోరు తెరిస్తే మాట రాదని తెలుసు. ఇంతమంది ముందు ఆమెకు ఏనాడూ మాట రాలేదు. అందుకే కాళ్ళు కదిలాయి. అరుగు దిగి, వీధిలోకి నడిచి, మంట కుడిచెయ్యి వైపు ఉండేలా ఒక అడుగు వేసింది.

"ఆగవే!" అరిచింది ఎఫ్రాజియమ్మ. "అటు తిరిగితే మళ్ళీ కొమాద్రివైపోతావు!"

జుల్మీరా ఠక్కున ఆగి, మంట ఎడమచెయ్యి వైపు వచ్చేలా మళ్ళింది.

"అటు అసలే వద్దు! అది విప్పే వైపు! ఇప్పుడే అడిగించుకుని, ఇప్పుడే విప్పేసుకుంటావా?"

"మరి ఎటు పొమ్మంటావమ్మా?"

"నాకేం తెలుసు? ఆచారం అంతవరకే ఆలోచించా."

వీధి ఊపిరి బిగపట్టింది. కుర్చీల్లో వాళ్ళంతా లేచి నిలబడ్డారు. జుల్మీరా చూపు మంట మీద నిలవడం చూసి, అవతల ఇవొనేతి రెండు చేతులూ ఊపుతూ వద్దు వద్దంటోంది. గొంతు లేదు కనక ఏమంటోందో ఎవరికీ తెలియడం లేదు. మోకాలు, మోకాలు అని తన మోకాలు చూపిస్తోంది. ముప్పై అయిదేళ్ళు మిషను తొక్కిన ఆ కుడిమోకాలు మెట్లెక్కేటప్పుడు కూడా మొరాయిస్తుందని ఆమెకు తెలుసు. రాత్రుళ్ళు దానికి నూనె రాసేది ఆమే.

జుల్మీరా మంటకేసి ఇంకోసారి చూసింది. నిప్పులు ఎర్రగా, నడుం ఎత్తు కన్నా తక్కువగా, మోకాలెత్తు కన్నా కొంచెం ఎక్కువగా ఉన్నాయి. కట్టెలన్నీ బొగ్గులయ్యాయి. తల్లి వేసిన కొరివి ఏదో ఇక గుర్తుపట్టలేం.

చెప్పులు విడిచింది. ఒకదాని పక్కన ఒకటి సర్దిపెట్టింది. పావడా అంచు రెండు చేతులతో పైకి తీసి, నడుం దగ్గర గట్టిగా దోపుకుంది.

ఆ తర్వాత తల్లి కూర్చున్న అరుగు దాకా వెనక్కి నడిచింది, పరుగెత్తి దూకడానికి చోటు కోసం.